దిగరాని టూబు

తమ్ముడు సోమయ్య చనిపోయాక నెల దాకా ఉప్పలయ్య చెరువులో దిగలేదు. దిగకపోతే రెండిళ్లు పస్తు: ఒకటి తనది, ఒకటి తమ్ముడిది. దిగాలంటే కుండ మీదనే దిగాలి. ఆ కుండే సోమయ్యను చంపిందని ఊరంతా అనుకున్నది.

నర్సింహులపేట దిక్కు ముదిరాజులు చేపలు పట్టేది కుండ మీదనే. వెడల్పు మూతి ఉన్న పెద్ద మట్టికుండను నీళ్లలో వదిలి, మూతి మీద పొట్ట ఆనించి బోర్లా పడుకుంటారు. చేతులకు వల పని, కాళ్లకు ఈత పని. దొరికిన చేపను పొట్ట పక్క సందులోంచి కుండలో వేస్తారు. మళ్లీ పొట్టే మూత.

దీనికి దొర గడీ ఒక మర్యాద అంటగట్టింది. దొర చెరువు కట్ట మీదికి వస్తే కుండ మీది మనిషి దిగాలి. మెడ దాకా నీళ్లలో మునిగి, కుండ అంచు పట్టుకుని, తల వంచి, దొర కట్ట చివరి మత్తడి దాటేదాకా అట్లాగే ఉండాలి. దొర కట్ట మీద ఉండగా చేపలు పట్టేవాడు హాయిగా తేలుతూ కనపడకూడదట. గడీ దీన్ని మర్యాద అన్నది. చలికాలపు నీళ్లలో తాతలు, తండ్రులు వణికిన ఆ వణుకును నేను వెట్టి అనే అంటాను.

కమ్యూనిస్టుల సంఘం నడిచిన రెండేళ్లూ ఎవరూ దిగలేదు. దొర హైదరాబాదు పారిపోయాడు. గడీకి పోవలసిన కొర్రమట్ట చేపలు ముదిరాజుల పొయ్యిల మీద ఉడికాయి. ఆ తర్వాత యూనియన్ మిలట్రీ వచ్చింది. రజాకార్ల పీడ వదిలించింది, నిజమే. ఆ మిలట్రీ జీపులోనే దొర ఊళ్లోకి తిరిగొచ్చాడన్నదీ నిజమే. మొదటిది మాత్రమే రాసేవాళ్లు సగమే రాస్తున్నారు.

ఆ జీపు కట్ట ఎక్కిన రోజు సోమయ్య చెరువు నడుమ ఉన్నాడు. ముందు సీటులో దొర తలపాగా కనపడగానే కుండ మీంచి జారి, దాని చాటున తల వంచాడు. వెనక సీటులోని సిపాయి ఎక్కడి దేశంవాడో, అతనికి ఈ మర్యాద ఏం తెలుసు? సంఘం దళం వాళ్లు కుండల చాటున చెరువులు దాటి తప్పించుకుంటున్నారని మాత్రం తెలుసు. జీపును చూసి నీళ్లలో దాక్కున్న మనిషి కనపడ్డాడు, కాల్చాడు. అదేం మర్యాదో దొరకు తెలుసు. నోరు విప్పలేదు. కమ్యూనిస్టు ఒకడు చచ్చాడని క్యాంపులో రాసుకున్నారు.

"రెండేండ్లు దిగలే గద. అప్పుడెందుకు దిగిండు?" అని సోమయ్య భార్య రాజమణి అడిగింది. 

"మనసు మర్చింది గని ఒళ్లు మర్వలేదు" అన్నాడు ఉప్పలయ్య.

తన ఒళ్లు మరిచిందేమో చూద్దామని ఒక పొద్దున కుండ తీసుకుని వెళ్లాడు. ఏం వచ్చినా దిగనని ఒట్టు పెట్టుకున్నాడు. వల సగం కూడా వేయకముందే కట్ట అవతల మోటారు మోగింది. ఒట్టు గుర్తొచ్చేసరికే మెడ దాకా నీళ్లలో ఉన్నాడు, తల వంచుకుని. పోయింది మానుకోట బస్సు. అతను చాలాసేపు పైకి ఎక్కలేకపోయాడు.

మర్నాడు మానుకోట వెళ్లాడు. స్టేషను పక్కన పంచర్లు వేసే హమీద్‌కు చేపలు అమ్మిన పరిచయం పాతది. మిలట్రీ వచ్చినప్పటి నుంచి హమీద్ దుకాణం సగం తలుపే తీస్తున్నాడు. రజాకారు బట్ట ఒంటి మీద వేసుకోకున్నా, పేరు చూసి కొట్టడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఉప్పలయ్య చెప్పిందంతా విని, మూల నుంచి పాత బస్సు టూబు లాగి గాలి కొట్టాడు.

"అరె భాయ్, గిందులోకెళ్లి జారుడంటే ముష్కిల్. చూడు జర."

నడుమ నులక తాడుతో పీట అల్లి, రెండు కాళ్లకు రెండు సందులు వదిలాడు. కూర్చుంటే మనిషి నడుం దాకా పైకి కనపడతాడు. బయటికి రావాలంటే ఒక్కొక్క కాలే లాగాలి. 

"పైసలు?"

"చేపలు పడితే ఒక కొర్రమట్ట తే. పడకపోతే టూబు తే."

చెరువు అంచున టూబు ఎక్కితే వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది. 

"గద్దె ఎక్కినవు బావా, కిరీటమేది?" అని ఎవరో అన్నారు.

"ఎడ్లకు కుడితి తొట్టి గిట్లనే ఉంటది" అన్నది అతని భార్య వీరమ్మ.

చేపల పనికి ఆ టూబు కుదురుతుందా అంటే, చాలా మట్టుకు కుదరదు. కుండకు గాలి లెక్క లేదు. టూబును గాలి ఎటు తోస్తే అటే. వేలాడే కాళ్లకు వల చుట్టుకుంటుంది. కుండ మీంచి లటుక్కున మునిగి బురదలో కొర్రమట్టను తడుముకోవచ్చు, దీని మీంచి వీలుకాదు. చేపలు వేయడానికి చోటు లేదు, బుట్ట కట్టి ఈడ్చాలి. నీళ్లలో మునిగిన తుమ్మకంపలున్న దిక్కు పోతే ముల్లు దిగుతుంది. చేపలేమో ఆ దిక్కే ఉంటాయి. సాయంత్రానికి బుట్టలో పడ్డవి చిన్న చేపలే: పరకలు, నాలుగు జెల్లలు.

"కుండైతే గింతకు రెండింతలు పట్టేటోనివి" అన్నది వీరమ్మ.

"పట్టేటోన్నే."

"మరి?"

"కుండ మీద నా ఒళ్లు నా మాట వినదే."

వీరమ్మ బుట్టను రెండిళ్లకు పంచింది.

గడీ జీతగాడు పోశాలు చెవిన ఈ సంగతి పడింది. వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "ఉప్పలన్నా, దొరకు తెలిసింది. దిగరానిదాంట్ల ఎట్ల కూసున్నవని అడుగుతున్నడు. కుండ తెచ్చుకోరాదు? నాకు తిప్పలు తప్పుతయి."

"దిగినోణ్ణి కాల్చిరి. దిగనోణ్ణి ఏం జేస్తరు?"

"కొడ్తరు."

"అంతేనా?"

పోశాలు భుజం మీది తువ్వాల సవరించుకుంటూ వెళ్లిపోయాడు.

జీపు మళ్లీ కట్ట ఎక్కింది. ఉప్పలయ్య చెరువు నడుమ ఉన్నాడు. దొర తలపాగా కనపడగానే మెడ వంగింది, నడుం కిందికి జారబోయింది. తాళ్లు తొడలను పట్టుకుని ఆపాయి. టూబు ఊగింది, మనిషి మాత్రం పైనే ఉన్నాడు. సిపాయి తుపాకి లేచింది. ఉప్పలయ్య వల వదిలేసి రెండు అరచేతులూ పైకెత్తాడు.

"దిగురా, దొరగారొచ్చిండు" అని జీపులోంచి పోశాలు కేకేశాడు.

"దిగరాదన్నా. ఇరుక్కున్న."

ఆ మాట అర్థం కాకపోయినా, నల్లటి టూబులో చేతులెత్తి గిరగిరా తిరుగుతున్న మనిషిని చూసి సిపాయి నవ్వాడు. తుపాకి దించాడు. దొర నవ్వలేదు. పోశాలుతో ఏదో చెప్పి, అతన్ని కట్ట మీద దించి జీపు పోనిచ్చాడు.

ఉప్పలయ్య ఒడ్డుకు వచ్చాడు. రాక ఎక్కడికి పోతాడు? పోశాలు కర్ర విరిగేదాకా కొట్టి, కొడవలితో టూబును పొడిచాడు. ఎడమ మోచెయ్యి మళ్లీ సరిగా చాపడం ఉప్పలయ్యకు ఎన్నడూ చేతకాలేదు. ఆ టూబును రాజమణి చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, మానుకోట పోయి అతుకు వేయించుకొచ్చింది. తర్వాతి వారం అతను మళ్లీ అందులోనే ఉన్నాడు. దెబ్బలు మళ్లీ పడ్డాయి. అతుకులూ మళ్లీ పడ్డాయి.

ఆ ఎండాకాలం చిట్యాల నుంచి ఇద్దరు ముదిరాజులు వెతుక్కుంటూ వచ్చారు. టూబు మీద చేపలు బాగా పడతాయని విన్నామన్నారు. తమ చెరువుకు కుదురుతుందా అని అడిగారు.

"ఎవడో అబద్ధం చెప్పిండు" అన్నాడు ఉప్పలయ్య. గాలి సంగతి, కాళ్లకు చుట్టుకునే వల సంగతి, తుమ్మముండ్ల సంగతి ఒక్కటీ దాచకుండా చెప్పాడు. "చేపలకైతే కుండే మంచిది."

వాళ్లు నిరాశగా లేచారు. వాకిలి దాటుతుంటే అతనే మళ్లీ పిలిచాడు.

"మీ దొర ఊళ్లెకొచ్చిండా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మొన్ననే వచ్చిండన్నా. మిలట్రీని ఎంటేసుకొని."

ఉప్పలయ్య వంకర చేత్తో మానుకోట దిక్కు చూపించి, హమీద్ దుకాణం ఆనవాలు చెప్పడం మొదలుపెట్టాడు.