రెండు గురిగింజల ఎత్తు

సహోదరులారా, మా కమ్మరి తాత మొన్న బేస్తవారం పొద్దున చనిపోయాడు. తొడకు తగిలిన గాయం చెడి, పన్నెండు రోజులు జ్వరంతో కాలిపోయాడు. ఆ గాయం నా వల్ల అయింది. ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి అతన్ని పొగిడితే నేను చెప్పే వాక్యానికి విలువ ఉండదు.

సిద్దిపేట బావుల్లో మా వాడవాళ్ల చేదలు పడనీయరు. అందుకే మేమే ఒక బావి తవ్వుకుంటున్నాం. అడుగున నల్లరాయి తగిలింది. ఉలులన్నీ వంగిపోయాయి. తాత మా కులం కాదు, మా ప్రార్థనకు ఏనాడూ రాలేదు. అయినా కొత్త ఉలి తానే చేస్తానన్నాడు.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన మా తమ్ముడు సిగరెట్టు లైటర్లలో వేసే రాళ్లు ఒక డబ్బీ నిండా తెచ్చాడు. అవి రాళ్లు కావు, ఇనుములో ఏదో అరుదైన లోహం కలిపి చేస్తారని పటాలంలో మెకానిక్కు చెప్పాడట. తాత మూసలో ఇనుము కరిగించి, ఆ ముక్కలను గురిగింజలతో తూచి, ఒక్కో కడ్డీకి ఒక్కో ఎత్తున వేశాడు. చల్లారిన కడ్డీలను విరిచి, విరిగిన చోట్లను ఎండకు పట్టి చూపించాడు. ఏమీ కలపని ఇనుము లోపల జొన్నరవ్వలా గరుకుగా ఉంది. రెండు గింజల ఎత్తు కలిపినదాంట్లో పలుకు పిండిలా సన్నబడింది. ఎనిమిది గింజల ఎత్తు కలిపినది అద్దం పెంకుల్లా మిలమిలలాడింది.

"అదే ఇనుము గదా తాతా, లోపల గింత మారుతదా?"

"మారదా మరి? ఎక్కువైతె పలుకులు ఒకదాన్నొకటి పట్టుకోవు. నీ సంఘం లెక్కనే పాదిరీ, అందరు మెరుస్తరు, పక్కోన్ని ఎవ్వడు పట్టుకోడు."

నాకు ఆ మెరుపే నచ్చింది. గ్రంథం తెరిచి, కొలిమిలో శుద్ధయ్యే లోహం గురించి గొంతు పోయేదాకా ప్రసంగించాను. కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిదే, విశ్వాసాన్ని తూచకూడదన్నాను.

"విశ్వాసం నీది. తూకం నాది," అన్నాడు తాత.

అతను సంతకు పోయిన రోజు, ఆ మెరిసే కడ్డీలో మిగిలిన సగానికి సానరాయి మీద మొన తీసి బావిలోకి దిగాను. సంత నుంచి వచ్చి సంగతి తెలుసుకున్న తాత నా వెనకే దిగి, "ఆగు బిడ్డా" అని చెయ్యి చాచాడు. అప్పటికే సమ్మెట పడింది. కడ్డీ పగిలి, ఒక పెంకు అతని తొడలో దిగింది.

తాత నన్ను తిట్టలేదు. మంచం కొలిమి పక్కకు వేయించుకున్నాడు. "ఏడుస్తవేంది, మూస ఎక్కియ్యి. రెండు గింజలు, గంతే," అన్నాడు. అతని భార్య, మా అవ్వ, తిత్తి ఊదుతుంటే, జ్వరంలోనే ఒక్కో దెబ్బా చెప్పి నా చేత ఉలి చేయించాడు. దాని మొనను వేలితో తడిమి, "ఇగ పో," అన్నాడు.

ఆ ఉలి విరగలేదు, వంగలేదు. కానీ నీళ్లు పడలేదు. గ్రంథం ముందు కూర్చుంటే ప్రార్థన రావడం లేదు, ప్రభువా అన్న మాట దగ్గరే ఆగిపోతోంది.

నిన్న సాయంత్రానికి ఉలి రాయిలో జానెడు లోతు దిగింది. ఆ తొర్రలో వేలు పెట్టాను. వెచ్చని పొడి తగిలింది. పైన గట్టు మీద ఆడవాళ్లు ఖాళీ కుండలు చంకన పెట్టుకుని ఒంగి చూస్తున్నారు. ఉలిని మళ్లీ రాయికి ఆనించి సమ్మెట ఎత్తాను.