పప్పు ఉడకని నీళ్లు

మా ముందు గదిలో మూడడుగుల గాజు తొట్టి ఉంది. ఇప్పుడందులో రెండే చేపలున్నాయి, రెండూ పసుపువి. ఒకప్పుడు నీలం, నారింజ, పసుపు రంగుల్లో తొట్టి నిండుగా ఉండేది. ఆఫ్రికా చేపలు, సిక్లిడ్లంటారు. రంగు చూసి తెచ్చుకున్నానే గానీ వాటి బుద్ధి ఏమంత గొప్పది కాదు. ఏ రాయి కింద చూసినా తగాదానే. చోటు కోసం ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి. మా ఆఫీసునంతా తెచ్చి నీళ్లలో వేశావే అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

వాటికి ముందు పెంచిన చిన్న చేపలేవీ నా చేతిలో బతకలేదు. పుంగనూరులో మా బోరు నీళ్లు అలాంటివి. కొళాయి మూతికి తెల్లగా ఉప్పు కడుతుంది. ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు. ఇక చేపలు వద్దనుకుంటున్నప్పుడు, కుప్పంలో ఒకాయన మేడ మీద ఆఫ్రికా చేపలు పెంచి అమ్ముతాడని తెలిసి ఫోన్ చేశాను. తొట్టి ఎంతదని ఆయన అడగలేదు. మొదట అడిగింది ఇదీ.

"మీ నీళ్లలో కందిపప్పు ఉడకతాందా అమ్మా?"

ఉడకదని చెప్పాను. తాగడానికీ, పప్పు వండడానికీ క్యాను నీళ్లు కొంటామన్నాను.

"అట్లయితే ఈ చేపలు మీ ఇంట్లో బాగా బతకతాయి."

అవి పుట్టిన సరస్సులో నీళ్లు మన బోరు నీళ్లలాగే ఉంటాయట. మన నీళ్లు మంచివని ఒకరు అనగా వినడం నాకదే మొదటిసారి. చేపల కవర్లు ఒళ్లో పెట్టుకుని పలమనేరు మీదుగా బస్సులో వచ్చాను. ఆయన చెప్పినట్టే అవి బతికాయి, పిల్లలు కూడా పెట్టాయి.

మా నాయన పెద్దపంజాణి పక్కన పల్లెలో పంచాయతీ నీళ్ల ట్యాంకు చూసుకునేవాడు. తెల్లారకముందే బోరు మోటారు వేసి ట్యాంకు నింపడం, తర్వాత ఒక్కో వీధికి వాల్వు తిప్పి నీళ్లు వదలడం ఆయన పని. వాల్వు తిప్పే ఇనుప కడ్డీ భుజాన లేకుండా మా నాయన వీధిలో నడవగా నేను చూడలేదు. జ్వరమొచ్చినా వెళ్లేవాడు. మా అమ్మ పోయిన రోజున కూడా, శవం వాకిట్లో ఉండగానే వెళ్లి నీళ్లు వదిలి వచ్చాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కిడ్నీలు రెండూ పోయాయని మదనపల్లెలో చెప్పాక ఆయన్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. వారానికి రెండుసార్లు మదనపల్లెకు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఎందుకిలా అయిందని డాక్టరును అడిగితే ఆయన నిదానంగానే చెప్పాడు. బీపీ ఉంది, ఏళ్ల తరబడి నొప్పుల మాత్రలు మింగాడు, మీ పక్క ఫ్లోరైడు నీళ్లు కూడా ఒక కారణం కావచ్చు, ఫలానా దానివల్లే అని మాత్రం చెప్పలేం అన్నాడు. మా నాయన చెవిలో నీళ్లనే మాట ఒక్కటే పడింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి అన్నాడు.

"ఆ నీళ్లు ఊరికంతా తాగించినాను గదమ్మా."

డాక్టరు అలా అనలేదని చెప్పాను. నువ్వు కాకపోతే ఇంకొకరు వదిలేవాళ్లన్నాను. ఆయన వినలేదు. వాల్వుల వరసలో వీధులన్నీ చెప్పుకుంటూ పోయాడు. ఏ వీధిలో ఎవరి కాళ్లు వంకరపోయాయో, ఏ ఇంట్లో పిల్లల పళ్లు గోధుమరంగుకు తిరిగాయో, ఎవరు తనలాగే ఆసుపత్రుల చుట్టూ తిరిగి పోయారో. పుంగనూరు వచ్చేదాకా ఆ వీధులు అయిపోలేదు.

ఆ తర్వాత ఆయన రోజంతా తొట్టి ముందే కూర్చునేవాడు. డయాలసిస్ మనిషికి నీళ్లు కొలిచి ఇవ్వాలి. ఊరికి నీళ్లు వదిలిన మనిషి చిన్న గ్లాసు పట్టుకుని, నాలుక తడుపుకుంటూ, ఎదురుగా చేపలు నోరు తెరిచి మూయడం చూస్తూ కూర్చునేవాడు. నాకది చూడబుద్ధయ్యేది కాదు. తొట్టిని వేరే గదిలోకి మారుద్దామంటే ఒప్పుకోలేదు. నేను బకెట్లో బోరు నీళ్లు తెచ్చి తొట్టిలో పోస్తుంటే మాత్రం ఆయన ముఖం మాడిపోయేది. మనం క్యాను నీళ్లు తాగుతూ మూగజీవాలకు ఇవి పోయడమేమిటని అడిగేవాడు. వాటికి ఇవే పడతాయని చెప్పేదాన్ని. బోరు నీళ్లు తాగితే బలమని తనకూ అలాగే చెప్పారనేవాడు.

ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎన్నాళ్లకో ముఖం తేటగా ఉంది.

"వాటికన్నా మంచి నీళ్లు పోసినానమ్మా."

పైపుతో తొట్టి నీళ్లు ముప్పాతిక భాగం కాలువలోకి లాగేశాడు. అది ఆయనకు తెలిసిన విద్యే. డయాలసిస్ సూదుల కోసం చేతి నరాలు కలిపి ఫిస్టులా చేశారు కాబట్టి బరువు ఎత్తకూడదు, అందుకని క్యాన్లు వేసే ఆటో అతన్ని బతిమాలి నీళ్లు పోయించాడు. నీళ్లు ఎప్పుడూ లేనంత తేటగా ఉన్నాయి. చేపలు అప్పటికే పక్కకు ఒరిగి ఎగశ్వాస తీస్తున్నాయి. మోటారు వేసి బకెట్లకు బకెట్లు బోరు నీళ్లు కలిపాను. తెల్లారేసరికి ఈ రెండు తప్ప అన్నీ పైకి తేలాయి.

జల్లెడతో ఒక్కొక్కటీ తీసి పళ్లెంలో వేస్తుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎందుకు చచ్చాయని అడిగాడు. నేను ఉన్నమాట చెప్పాను. అవి ఆ ఉప్పు నీళ్లకే పుట్టినవి, నీళ్లు ఒక్కసారిగా మారేసరికి తట్టుకోలేకపోయాయి అన్నాను.

"అయితే మన నీళ్లు మంచివేనా?"

"వాటికి మంచివి నాయనా."

"మనకి?"

నేను పళ్లెం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాను. కాదంటే ఊరంతటినీ ఆయన నెత్తిన పెట్టినట్టు. అవునని అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయన ఆ వేసవి దాటలేదు. డయాలసిస్ మిషను పెడితే బీపీ పడిపోతోందని, ఇంక ఇంటికి తీసుకెళ్లమని మదనపల్లెలో చెప్పారు. ఇంటికొచ్చాక, ఇక కొలతలెందుకని, గ్లాసు నిండా క్యాను నీళ్లు తెచ్చి చెంచాతో నోటి దగ్గర పెట్టాను. ఆయన పెదాలు బిగించాడు.

"ఇవి వద్దు. బోరువి పొయ్యి."

అవి తాగకూడదు నాయనా అన్నాను.

"ఊరంతా అవే తాగిరి. నేనొకడు యాల మంచివి తాగి పోవాల?"

చేపల కోసం పట్టి పెట్టిన బకెట్లోంచి ముంచుకొచ్చాను. మూడు చెంచాలు మింగాడు. నాలుగోది పెదవి పక్కనుంచి కారిపోయింది. తుడుస్తూ ఏడ్చాను. మా అమ్మ పోయిన రోజున కూడా నేనంత ఏడవలేదు.

ఊరి నుంచి ఆటోల్లో జనం వచ్చారు. ఎండకు నాలుక పిడచగట్టుకుపోయి అందరూ మొదట నీళ్లే అడిగారు. క్యాను వంచి గ్లాసులకు పోసి ఇచ్చాను. పల్లెలో మాకు రెండిళ్ల అవతల ఉండే అవ్వ, రెండు మోకాళ్లూ బయటికి వంగిపోయి కర్ర లేకుండా నిలబడలేని మనిషి, నా చేయి పట్టుకుని కూర్చుంది. ఎంత కరువులోనూ మీ నాయన ఒక్క పూట నీళ్లు నిలపలేదమ్మా అని చెప్పి ఏడ్చింది. తర్వాత నేనిచ్చిన గ్లాసులోంచి ఒక గుక్క తాగి, కింద పెట్టేసింది.

"సప్పగా ఉండాయమ్మా ఇవి. మీ నాయన వదిలే నీళ్ల రుసి వీటికి యాడ వస్తాది?"