చల్లగా ఉంటుంది, అంతే

ఆ ఆసుపత్రిలో కంటి విభాగానికి దారి ఎవరినీ అడగనక్కర్లేదు. మెట్లెక్కగానే వరండా పొడవునా కళ్ళు మూసుకుని కూర్చున్న జనం కనిపిస్తారు. వాళ్ళ మధ్యలోంచి ఒక గొంతు వినిపిస్తూ ఉంటుంది. "తల వెనక్కి వాల్చండి. పైకి చూడండి. చల్లగా ఉంటుంది, అంతే." ఆ గొంతు చుక్కలమ్మది.

డాక్టరు చూసేముందు కనుపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేయడం ఆవిడ పని. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తెలిసి ఉండాలి, మిగతా అందరికీ చుక్కలమ్మే. నర్సుగా ఈ విభాగంలో అడుగుపెట్టిన నాటి నుంచీ కిటికీ పక్కన అదే కుర్చీ. ఎంత పెద్దమనిషినైనా గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచగల అధికారం ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తప్ప ఇంకెవరికి ఉంటుంది? చుక్కలమ్మకు ఆ కుర్చీ అంటే ప్రాణం.

కుర్చీ పక్కన ఒక కంప్యూటరు ఉండేది. దానికి విభాగంలో పెట్టుకున్న ముద్దుపేరు ముసలాయన. నల్లటి తెర, దాని మీద వెడల్పాటి ఆకుపచ్చ అక్షరాలు. ఎవరికి ఏ కంట్లో ఏ మందు వేశారో, కంటి లోపలి ఒత్తిడి ఎంతుందో అంతా దాంట్లోనే ఎక్కించాలి. మీట నొక్కితే ముసలాయన కాసేపు ఆలోచించుకుని, గొంతు సవరించుకుని, తీరిగ్గా జవాబిచ్చేవాడు. ఈలోగా టీ తాగి రావచ్చు. కంటి ఫోటోలు వేరే గదిలో వేరే యంత్రంలో ఉండేవి. ఆ యంత్రానికీ ముసలాయనకూ మాటల్లేవు. అందుకని రోగులే కాగితాలు పట్టుకుని గదికీ గదికీ మధ్య రాయబారం నడిపేవారు.

ఒకసారి ముసలాయన పొద్దున్నే మూర్ఛపోయాడు. అప్పటికే చుక్కలమ్మ వరండా నిండా జనానికి చుక్కలు వేసేసింది. పాత వివరాలు లేకుండా డాక్టర్లు ఎవరినీ చూడలేమన్నారు. కనుపాపలు చొక్కా గుండీలంత చేసుకుని, ఎండలోకి పోలేక, పేపరు చదవలేక, అంతమందీ సాయంత్రం దాకా ఒకరి మొహం ఒకరు మసకమసకగా చూసుకుంటూ కూర్చున్నారు. ఆ రోజే పెద్ద డాక్టరమ్మ తేల్చేసింది, ముసలాయనకు విశ్రాంతి ఇచ్చి కొత్తది తెచ్చుకుందామని.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. అందరూ సంబరపడ్డారు. చుక్కలమ్మ ఒక్కతే ముసలాయన్ని వెనకేసుకొచ్చింది. ముందు రోజు దాకా వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది ఆవిడే కాబట్టి, ఈ ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. కారణం ఉంది. ఆవిడ ఎవరితోనూ అనలేదు.

ఆవిడకు చూపు తగ్గింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఏ డాక్టరూ చూసి చెప్పలేదు, చూసే అవకాశం ఆవిడ ఇస్తేగా. ఇన్నేళ్ళు ఆ వరండాలో కూర్చున్న మనిషికి ఒకరు చెప్పాలా? వెలుతురు ఎక్కువైతే చాలు, ఎదురుగా తెల్లటి పొగ కమ్మేది, అక్షరాలు అలుక్కుపోయేవి. దీపం కిందే చీకటి అంటే ఇదే. ముసలాయనది నల్ల తెర కాబట్టి బండి నడిచిపోయింది. కనిపించని చోట వేళ్ళకు మీటలు తెలుసు. తప్పు నొక్కితే ముసలాయన కీచుమనేవాడు, సరిగ్గా నొక్కితే పక్కన ప్రింటరు గరగరమనేది. చెవులతోనే పని కానిచ్చేసేది. రోగి చీటీ చదవలేక, "మీ పేరేంటి నాయనా, ఏ కన్ను చూపించుకోవడానికొచ్చారు?" అని వాళ్ళ నోటే ఒకటికి రెండుసార్లు చెప్పించేది. ఎంత ఆప్యాయమో అని జనం మురిసిపోయేవారు.

మరి ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదంటే, భయం. ఇంకో మాట లేదు. "చిన్న పనేనండీ, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తారు" అని ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషికి, తన కంటి మీద కత్తి అన్న తలపే పడేది కాదు. పైగా చూపు ఆనడం లేదని బయటపడితే కుర్చీ లాగేసుకుని కింద దుప్పట్ల గదికి పంపిస్తారేమోనన్న బెంగ ఒకటి. ఆ గదికి కిటికీ కూడా లేదు, మాట్లాడేందుకు మనిషి అసలే లేడు.

ఇంట్లో భర్త దర్జీ. ఆయనకు దగ్గరి చూపు తగ్గినప్పటి నుంచీ రోజూ సాయంత్రం సూదీ దారం ఆవిడ చేతికే ఇచ్చేవాడు. ఈ మధ్య ఆయన సూది పట్టుకుని వస్తుంటే చాలు, చుక్కలమ్మకు పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు గుర్తొచ్చేది. ఆయన దారం ఎక్కించే చిన్న తీగ ఒకటి కొనుక్కుని తన పని తాను చేసుకున్నాడు.

కొత్తది నేర్పడానికి కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. లావుపాటి కళ్ళద్దాలు, వాటికి మించిన ఓపిక. పరీక్ష నెగ్గినవాళ్ళే కొత్త తెర ముందు కూర్చోవాలని, నెగ్గనివాళ్ళకు వేరే పని చూస్తామని పెద్ద డాక్టరమ్మ చెప్పింది. చుక్కలమ్మ ఆ తెర వంక చూసింది. కొత్త తెర ట్యూబులైటు తెచ్చి మొహాన పెట్టినట్టుంది, దాని మీద అక్షరాలేమో బూడిద రంగు.

అయినా ఆవిడ తక్కువది కాదు. అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు తెరకు ముక్కు ఆనించి, ఏది ఎక్కడుందో బట్టీపట్టేసింది. పై మూల రోగి ఫోటో, దాని కింద కన్ను గుర్తులు రెండు, అట్టడుగున 'సరే'. సాధన కోసం కంప్యూటర్లో ఉత్తుత్తి రోగుల్ని పెట్టారు. వారం తిరక్కుండా వాళ్ళందరికీ అందరికన్నా ముందు చుక్కలు వేసేస్తోంది చుక్కలమ్మ. ఆ అమ్మాయి ఆవిణ్ణి చూసి నేర్చుకోమని మిగతావాళ్ళకు చెప్పింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందని ఆ అమ్మాయికేం తెలుసు?

కథ ఇక్కడే అడ్డం తిరిగింది. తిప్పింది కూడా చుక్కలమ్మే. మెచ్చుకోలు తలకెక్కి, అందరి ముందూ లేచి కొత్త తెరకు వంక పెట్టింది. అందులో కుడి కన్ను కుడివైపు, ఎడమ కన్ను ఎడమవైపు ఉన్నాయి. "మేం రోగికి ఎదురుగా కూర్చుంటామమ్మా. అతని కుడి కన్ను మాకు ఎడమచేతి వైపుంటుంది. కంటి డాక్టర్ల రాతలన్నీ అలాగే ఉంటాయి. మీరూ అలాగే పెట్టాలి" అంది. విభాగమంతా అవునంటే అవునంది. ఆ అమ్మాయి రాసుకుంది. ముసలాయన కాలంలో ఒక అక్షరం మార్చాలన్నా ఏడాది పట్టేది కాబట్టి, చుక్కలమ్మ ఆ సంగతి అక్కడితో మర్చిపోయింది.

కొత్తవాడు తెల్లారేసరికి మారిపోయాడు.

పరీక్ష కూడా ఆ రోజే. వెనకాల పెద్ద డాక్టరమ్మ నిలబడి ఉంది. మొదటి ఉత్తుత్తి రోగికి కుడి కంట్లో మందు వేయమన్నారు. చుక్కలమ్మ నిన్నటి కుడి నొక్కింది, అది ఇవాళ్టి ఎడమ. తెర మీద ఎర్రగా హెచ్చరిక వెలిగింది. వెలిగింది గానీ కొత్తవాడికి ముసలాయనలా నోరు లేదే. కీచుమనలేదు. ఆవిడ దాన్ని గమనించకుండానే 'సరే' నొక్కింది. రెండో రోగికీ అదే. గొప్ప వేగంగా, తడబాటు లేకుండా, ఎవరికి ఏ కంట్లో వేయమంటే వాళ్ళకు రెండో కంట్లో వేసుకుంటూ పోయింది.

"మీరడిగినట్టే మార్చామండీ" అంది ఆ అమ్మాయి మెల్లగా. "ఇక్కడేం రాసుందో ఒకసారి చదవండి."

చుక్కలమ్మ అద్దాలు ఇంట్లో మర్చిపోయానంది. ఆవిడకు అద్దాలే లేవని ఆ గదిలో అందరికీ తెలుసు.

డాక్టరమ్మ అందర్నీ బయటికి పంపి, చిన్న లైటు వేసి ఆవిడ కళ్ళలోకి చూసింది. ఎంతసేపో చూడనక్కర్లేకపోయింది. చుక్కలమ్మకు ఏడుపొచ్చేసింది. "నా కుర్చీ తీసెయ్యకండి డాక్టరమ్మా" అంది.

"కుర్చీ సంగతి తర్వాత. వీళ్ళు ఉత్తుత్తి రోగులు కాబట్టి సరిపోయింది. నిజం మనిషైతే?"

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. ఇన్నాళ్ళూ ఆవిడ లెక్కంతా తన కుర్చీ చుట్టూ, తన భయం చుట్టూ తిరిగింది. నమ్మి గడ్డం చేతిలో పెట్టి, పైకి చూడమంటే పైకి చూసిన మనుషులు ఆ లెక్కలోకి రానేలేదు. చాలా సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, ఆ అమ్మాయిని లోపలికి పిలవమంది. "నా పేరు రాసుకోమనండి" అంది.

అలా కొత్తవాడిలోకి ఎక్కిన మొట్టమొదటి నిజం రోగి చుక్కలమ్మే. ఆవిడ అసలు పేరు ఆ రోజు విభాగమంతటికీ తెలిసింది, మర్నాటికి మర్చిపోయారు. ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టరమ్మ తనే సీసా తీసుకుంది.

"తల వెనక్కి వాల్చు. పైకి చూడు. చల్లగా ఉంటుంది, అంతే."

చుక్క పడింది. చల్లదనం సంగతి దేవుడెరుగు, ఉల్లిపాయ కోసి కంట్లో పిండినట్టయింది.

"మండుతోంది" అంది చుక్కలమ్మ, ఎవరో మోసం చేసినట్టు.

"మండుతుంది మరి. అందరికీ మండుతుంది. లోపలికొచ్చి నాతో చెప్తారు. నువ్వంత నమ్మకంగా చల్లగా ఉంటుందంటే, నీ మొహం చూసి కాదని ఎవరంటారు?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. చుక్కలమ్మ మండే కళ్ళతోనే నవ్వేసింది.

ఆపరేషన్లు రెండూ, ఒకదాని తర్వాత ఒకటి, చల్లగా జరిగిపోయాయి. రెండో కంటికి చూపు కుదురుకున్న సాయంత్రం దర్జీ మొగుడు ఏమీ ఎరగనట్టు సూదీ దారం తెచ్చి చేతికిచ్చాడు. ఒక్కసారికే ఎక్కించింది. "ఇవాళ పొయ్యి మీద ఏమీ మాడట్లేదా?" అన్నాడు ఆయన. ఆవిడ సూదితో పొడవబోయింది. ఆ చిన్న తీగ చెత్తబుట్టలోకి పోయింది.

చుక్కలమ్మ మళ్ళీ పరీక్ష రాసి, నెగ్గి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. దుప్పట్ల గదికి వెళ్ళింది ముసలాయన. ఎప్పుడైనా అటు పోవలసి వస్తే ఆవిడ వాడి నెత్తిన దుమ్ము చేత్తో తుడిచి వస్తుంది. జనాన్ని పేరూ కన్నూ రెండుసార్లు అడగడం మాత్రం మానలేదు. చీటీ చక్కగా చదవగలదు, అయినా అడుగుతుంది.

మొన్న ఒక పెద్దాయన వచ్చాడు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "మండుతుందా తల్లీ?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళుగా ఆవిడ దగ్గర ఒకే జవాబు ఉండేది. చుక్కలమ్మ ముందు తెర వైపు తిరిగి, 'ఎడమ కన్ను' అని రాసిన చోట చదివి నొక్కింది. తర్వాత ఆయన గడ్డం పట్టుకుంది.

"మండుతుంది" అంది. "నాకూ మండింది. పది అంకెలు లెక్కపెట్టేలోగా తగ్గిపోతుంది. ఇద్దరం కలిసి లెక్కపెడదాం."

ఆయన కుర్చీ చేతులు వదిలేసి, తల వెనక్కి వాల్చి పైకి చూశాడు.