ఓడని జట్టు, ఆడని డెరిక్

2009 శరదృతువు. అమెరికా పశ్చిమాన, కొండల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీలో ఫుట్‌బాల్ జట్టుకి ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ ఆడేది. పడ్డవాళ్ళని మళ్ళీ నడిపించడం మా పని.

ఆ ఏడాది మా జట్టు ఒక్క ఆటా ఓడలేదు. అది చాలదని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అప్పట్లో జాతీయ ఫైనల్‌కి రెండు జట్లే వెళ్ళేవి. ఆ రెండూ ఏవన్నది ఓట్లూ, కంప్యూటర్ లెక్కలూ కలిపి తేల్చేవారు. ఓటమి ఎరుగని జట్లు అంతకంటే ఎక్కువ మిగిలితే పీట పేరున్నవాళ్ళకే. మాలాంటి వాళ్ళకి మాత్రం 'మీరు బలమైన జట్లతో ఆడలేదు కదా' అనే మాట. ఆ బలమైన జట్లు మాతో ఆడటానికి ఒప్పుకుంటే కదా.

నాకు ఇంకో మంట కూడా ఉండేది. దాని పేరు సునీత. విజయవాడలో నాతో ఫిజియోథెరపీ చదివి, నాతోపాటే మాస్టర్స్‌కి వచ్చింది. దక్షిణాదిలో ఒక పెద్ద యూనివర్సిటీ జట్టులో ఉద్యోగానికి ఇద్దరం ఇంటర్వ్యూకి వెళ్ళాం. దానికే వచ్చింది. మార్కుల్లో ఎప్పుడూ నా వెనకే ఉండేది. నీళ్ళలో నడిపించే ట్రెడ్‌మిల్ ఫొటోలు పంపేది. 'సూపర్' అని జవాబిచ్చి ఫోన్ బోర్లా పెట్టేదాన్ని. వాళ్ళ జట్టు కూడా ఆ ఏడాది ఓడలేదు. ప్రతి శనివారం వాళ్ళు ఓడిపోవాలని కోరుకునేదాన్ని.

సీజన్ చివరి ఆటకి నాలుగు రోజుల ముందు డెరిక్ మోకాలు పట్టుకుని నా గదికి వచ్చాడు. అతను లెఫ్ట్ టాకిల్, అంటే బంతి విసిరేవాడికి అడ్డుగోడ. చదువు ఆఖరి సంవత్సరం, సొంత మైదానంలో ఆఖరి ఆట. ఎం.సి.ఎల్., మోకాలి లోపలి పక్కన ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, సాగిందని చేత్తో చూస్తేనే తెలిసింది. ఎమ్మారై రిపోర్టు ఇంకా రాలేదు.

"టేప్ గట్టిగా వేసేయండి మిస్ లలిత, చాలు. పెద్ద తేడాతో గెలిస్తేనే మనకి ఓట్లు పడతాయి" అన్నాడు.

అది నాకూ తెలుసు. మేం వెళ్తే సునీతావాళ్ళు ఆగిపోవచ్చనీ తెలుసు. టేప్ చుట్ట చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ బల్ల మీద పెట్టి, "ముందు ఒంటికాలి మీద గెంతు" అన్నాను. దాన్ని హాప్ టెస్ట్ అంటారు. రెండో గెంతుకే మోకాలు లోపలికి వాలిపోయింది.

"ఇంకోసారి చేస్తాను."

"వద్దు డెరిక్. ఈ కాలి మీద ఎవరైనా పడితే మిగిలింది కూడా తెగుతుంది. ఆడొచ్చని నేను క్లియర్ చేయను."

"అయితే నా చోట కోడీ ఆడతాడు. వాడికి ఆ చోటు నేర్పింది నేనే."

మర్నాడు వచ్చిన రిపోర్టులో, కీలు మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగిందని తేలింది. డెరిక్‌కి ఆ సీజన్ అయిపోయింది.

శనివారం మేం గెలిచాం, కానీ చావు తప్పినట్టు. టీవీ వాళ్ళు కోడీనే పొగిడారు. డెరిక్ చంకకర్రల మీద నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆదివారం సాయంత్రం ఫైనల్‌కి వెళ్ళే జట్ల పేర్లు చెప్తారని జట్టంతా హాల్లో టీవీ ముందు కూర్చుంది. మొదటి పేరు అందరూ అనుకున్నదే. రెండోది సునీతావాళ్ళది. వాళ్ళూ చివరి ఆట అలాగే బొటాబొటీగా గెలిచారు, అయినా వాళ్ళని ఎవరూ ప్రశ్నించలేదు. హాల్లో కొందరు ఏడ్చారు. నా ఫోన్ మోగింది. సునీత. తీయలేదు.

సోమవారం డెరిక్ థెరపీకి వచ్చాడు. కాలికి ఐస్ కడుతుంటే అన్నాడు: "మన పేరు పిలవనప్పుడు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. పిలిచి ఉంటే ఆ ఫైనల్లో నా చోట కోడీ నిలబడేవాడు. నాలుగేళ్ళు కలిసి తిన్నవాళ్ళు ఏడుస్తుంటే నాకు హాయి. నేనేం మనిషిని?"

నిజం చెప్పాను. "నిన్న నేను మన పేరు రావాలని కాదు, ఒకళ్ళ పేరు రాకూడదని కూర్చున్నాను. ఆ జట్టులో నా స్నేహితురాలు పనిచేస్తుంది."

డెరిక్ ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. "ఆవిడతో మాట్లాడారా?"

"లేదు."

"నేనూ కోడీతో మాట్లాడలేదు."

ఆ సాయంత్రం సునీతకి ఫోన్ చేశాను. "కంగ్రాట్స్ చెప్పడానికి ఇంత టైమా?" అంది.

"కుళ్ళుకుంటున్నానే, అందుకే."

అది నవ్వి, "అవునూ, మీ లెఫ్ట్ టాకిల్‌ని ఎందుకు ఆడించలేదు?" అని అడిగింది.

"హాప్ టెస్ట్ ఫెయిలయ్యాడు. నేను వద్దన్నాను."

"నువ్వు వద్దంటే ఆపేశారా?"

"ఆపక?"

"ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరే. నా పైన బోలెడుమంది ఉన్నారు. ఐస్ బ్యాగులు కడతాను, ఆ ట్రెడ్‌మిల్ క్లీన్ చేస్తాను. ఫైనల్‌కి నన్ను తీసుకెళ్తారో లేదో కూడా తెలీదు."

ఆ మాటతో నా కుళ్ళు పోయిందని చెప్పను. కొంచెం చల్లబడింది, అంతే. ఫైనల్లో వాళ్ళ జట్టు ఓడినప్పుడు మాత్రం నాకు ఏ సంతోషమూ కలగలేదు. మా జట్టు, సీజన్ అయ్యాక మంచి జట్లని పిలిచి ఆడించే బౌల్ ఆటల్లో ఇంకోదానిలో గెలిచి ఆ ఏడాదిని ఓటమి లేకుండానే ముగించింది. ఆ ఆటకి ముందు రెండు వారాలూ డెరిక్ చంకకర్రలతో మైదానానికి వెళ్ళి, కోడీకి పాదం ఎక్కడ వేయాలో చూపించాడు. ఎలా మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

అంతకు ముందు గాయంతో వచ్చినవాళ్ళని నొప్పి పదిలో ఎంత అని మాత్రమే అడిగేదాన్ని. డెరిక్ తర్వాత ఇంకొకటి కూడా అడుగుతున్నాను: "నీ చోట ఎవరు ఆడుతున్నారు?" చాలామంది వెంటనే జవాబు చెప్పరు. వాళ్ళు చెప్పేదాకా కాలు ముట్టుకోను.