పిలవలేక రాసిన చీటీలు

మా పెద్దమ్మ గట్టిగా మాట్లాడడం ఇంట్లో ఎవరూ ఎరగరు. ఎవరినైనా పిలవాలంటే మొహమాటం. నిద్రలో ఉన్నవాళ్లను లేపడమంటే మరీను. అందుకే రాసేది. బిస్కెట్ డబ్బాల అట్టలు చింపి, మైదా ఉడికించిన జిగురుతో ఇంట్లోనూ, ఇంటి ముందున్న వాళ్ల బేకరీలోనూ చీటీలు అతికించేది. పెదనాన్న చొక్కా తగిలించే మేకు పక్కన: "జేబులో మాత్ర ఉంది. మింగడానికే, మోయడానికి కాదు." ఆమె మరిది, అంటే మా బాబాయి, గడ్డం గీసుకునే అద్దం మీద: "గీస్తే ఇంకా బాగుంటావు అబ్బాయ్." మా అమ్మ వాళ్లింటికి వెళ్లొస్తే సంచిలో అన్నిటికన్నా పైన ఒకటి ఉండేది: "చెల్లీ, చేరగానే ఫోను చెయ్. నేను చెయ్యను, పడుకుని ఉంటావేమో."

అతికించడమే గానీ పీకడం ఆమెకు చేతకాదు. "వదినా, ఈ ఇంటికి సున్నం ఖర్చు లేదు" అనేవాడు బాబాయి.

ఒక మధ్యాహ్నం పెదనాన్న బన్నులు కొట్లకు వేసి రావడానికి బండి మీద వెళ్లాడు. తెల్లవారుజాము నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డ బాబాయి పక్క గదిలో ఫ్యాను కింద పడుకున్నాడు. పిండి కలిపే మిషను అడుగున, రెక్క వెనకాల, పాత పిండి ఎండి గట్టిపడింది. సాయంత్రం కలిపే పిండిలో ఆ పెళ్లలు పడితే బన్నుల్లో రాళ్లు వచ్చినట్టే. దాన్ని గీకాలంటే డ్రమ్ములోకి వంగి, భుజం దాకా చెయ్యి రెక్క వెనక్కి పోనివ్వాలి.

మిషను బొత్తాం ఎప్పుడో పాడైంది. బాగుచేయించకుండా తీగలు నేరుగా కలిపేశారు. మెయిన్ స్విచ్చు వేస్తే దీపాలు, ఫ్యాను, మిషను అన్నీ ఒక్కసారే మొదలు. ఫ్యాను కావాలంటే ఖాళీ మిషను కూడా తిరగాల్సిందే. ఆ మెయిన్ బాబాయి పడుకున్న గదిలోనే, పాత చీటీలు నిండిన బోర్డు మీద ఉంది. పెద్దమ్మ మునివేళ్ల మీద వెళ్లి పిడి కిందికి లాగింది. ఫ్యాను, మిషను రెండూ ఆగాయి. బాబాయి కదల్లేదు. లేపి చెబుదామా అని ఒక్క క్షణం అనుకుందట. పాపం, అలిసిపోయాడు. అట్టముక్క మీద "నేను మిషన్లో ఉన్నాను. వేయొద్దు అబ్బాయ్" అని రాసి, జిగురు పూసి, పిడి మీదే అతికించి వచ్చేసింది.

ఫ్యాను ఆగాక మనిషి ఎంతసేపు పడుకుంటాడు? ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

తల, భుజం డ్రమ్ములో ఉండగా గోడ అవతల మంచం కిర్రుమంది. "ఛీ, ఈ కరెంటు!" బాబాయి గొంతు. చెప్పుల చప్పుడు బోర్డు వైపు నడిచింది.

పెద్దమ్మ చెయ్యి లాక్కోబోయింది. మోచెయ్యి రెక్కకు అడ్డం పడింది. ఎలా పెట్టిందో అలాగే మెల్లగా తిప్పి తీయాలి. గాభరాలో అది తిరగలేదు. "అబ్బాయ్" అంది. ఆ మాట డ్రమ్ములోనే ఉండిపోయింది. పక్క షెడ్డులో కిటికీ ఊచలు కోస్తున్న మోత. మళ్లీ పిలిచింది. తను అరిచాననే అనుకుంది. ఎప్పుడూ అరవని గొంతును ఎక్కడ పట్టుకుని లాగాలో ఆమెకు తెలియలేదు.

అవతల బాబాయి ఆవులిస్తూ పైకే చదువుతున్నాడు. "తడిచేత్తో ముట్టుకోవద్దు... పిడుగులప్పుడు వేయొద్దు... రిపేరు, వేయొద్దు..." ఆ రిపేరు అయిపోయి నెలలు గడిచాయి. "అన్నీ వద్దులే! వదినా, ఈ బోర్డు మీద వెయ్యమని రాసిన చీటీ ఒక్కటైనా ఉందా?"

నవ్వు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. రెక్క చెంపకు చల్లగా తగులుతోంది.

కొత్త చీటీని కూడా బాబాయి చూశాడు. అందులో "వేయొద్దు" ఒక్కటే చూశాడు. ఇదీ పాతదే అనుకుని పిడి పట్టుకుని ఎత్తాడు. బొటనవేలి కింద అట్ట జర్రున జారింది. వేలికి జిగురు అంటింది. పాత చీటీలు గోకినా రావు, గోడలో కలిసిపోయి ఉంటాయి. ఇది తడి. పిడి సగం లేచి ఉంది. చెయ్యి అక్కడే బిగబట్టి, చీటీని మొదటినుంచి చదివాడు. రెండు చేతులతో పిడిని కిందికి నొక్కాడు.

"వదినా!"

పరుగెత్తుకొచ్చి చూస్తే డ్రమ్ము బయట ఆమె వీపు మాత్రమే కనిపించింది.

"ఉన్నాను" అంది లోపలినుంచి, ఎప్పటి గొంతుతోనే.

చెయ్యి బయటికి వచ్చాక ఇద్దరూ పిండి రాలిన నేల మీదే కూలబడ్డారు. బాబాయికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపం.

"నన్ను లేపితే నీ సొమ్మేం పోయేది?"

"నిద్రపోతున్నావు కదా అని..."

"నేను నిద్రపోతే నువ్వు చస్తావా?"

"రాసి పెట్టానుగా."

"రాస్తావు! గడ్డం గీసుకోమనీ రాస్తావు, ప్రాణం పోతుందనీ రాస్తావు. రెండూ ఒకే అట్ట, ఒకే రాత. ఏది ఏదో నాకెలా తెలియాలి?"

పెద్దమ్మ మోచేతికంటిన పిండి దులుపుకుంది. "ఇంకా సగం గీకాలి" అంది.

బాబాయి ఆమెను ఎగాదిగా చూశాడు. "సరే. నేను వెళ్లి పడుకుంటాను. వచ్చి లేపు. చీటీ రాశావో, నీ ముందే చింపేస్తాను."

వెళ్లి ఆ ఉక్కలోనే మంచమెక్కి కళ్లు మూసుకున్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది.

"అబ్బాయ్."

ఉలుకూ పలుకూ లేదు.

"అబ్బాయ్, లే."

"ఊచల మోతలో వినపడట్లేదు" అన్నాడు కళ్లు తెరవకుండానే.

పెద్దమ్మ రెండు చేతులా గుమ్మం పట్టుకుంది. మెడ నరాలు పొంగాయి.

"లేవరా!"

బాబాయి లేచాడు. స్టూలు లాక్కుని, బోర్డుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"వెళ్లి గీక్కో" అన్నాడు. "నువ్వొచ్చి చెప్పేదాకా నేను కదలను."