కుడి చెయ్యి

మా చెల్లిని ఇంట్లో ‘రెండోసారి’ అని పిలుస్తాం. గడియ వేసి మళ్లీ చూస్తుంది, పొయ్యి ఆపి మళ్లీ చూస్తుంది. నర్సు కోర్సు పాసై ఆసుపత్రిలో చేరాక ఈ పిచ్చి ముదిరింది. అలాంటిది, అదే మరిచిపోయిందంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆ మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం నానబెట్టబోతూ జేబులు తడిమింది. పెన్ను, కత్తెర, దూది వచ్చాయి. దాని మొహం పాలిపోయింది.

“అక్కా, పట్టీ లేదే!”

“ఏం పట్టీ?”

“రక్తం తీసేటప్పుడు చేతికి బిగిస్తామే, ఆ రబ్బరు పట్టీ. చివర్లో మా వార్డులో ఉన్న దర్జీ తాతకి కట్టాను. సూది తీసి దూది పెట్టేసరికి పక్క మంచం ఆవిడ వాంతి చేసుకుంటోంది, పరిగెత్తాను. విప్పానో లేదో గుర్తు రావట్లేదు.”

“నొప్పెడితే ఆయన అరవడా?”

“ఆపరేషన్ అయ్యి మత్తులో ఉన్నాడు. చొక్కా మీదే కట్టి, దుప్పటి కప్పేశాను.”

వార్డుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నోటికొచ్చినట్టు తిడుతూనే స్కూటర్ తీశాను. చెల్లి ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి తన చెప్పు తొడుక్కుని వెనక కూర్చుంది.

“కుడి చెయ్యి అక్కా. కత్తెర పట్టే చెయ్యి,” అంటూ దారంతా నా భుజాన్ని గోళ్లతో రక్కింది.

వార్డులో పెద్ద నర్సు చేతిలో ఉంది ఆ పట్టీ.

“నువ్వు వెళ్లిన కాసేపటికే చూశాను. డాక్టరుగారు కూడా చూశారు, వాపు తగ్గిపోతుందన్నారు. స్పర్శ ఉందో లేదో ఆయన లేచాకే తెలియాలి. కూర్చో. నువ్వే అడుగు.”

కూర్చుంది. ఆ చెయ్యి కమిలిపోయి ఉంది. ఎంతసేపటికో ముసలాయన కళ్లు తెరిచాడు.

“తాతగారూ, నేనే పట్టీ విప్పడం మర్చిపోయాను. కళ్లు మూసుకుని, ఏ వేలు పట్టుకున్నానో చెప్తారా?”

బొటనవేలు చెప్పాడు. చూపుడువేలు చెప్పాడు. మధ్యవేలు, ఉంగరపు వేలు కాస్త ఆలోచించి చెప్పాడు. చిటికెనవేలి దగ్గర మాత్రం పెదవి విప్పలేదు. చెల్లి ఇంకా గట్టిగా నొక్కింది.

“చెప్పండి తాతగారూ!”

“విరిచేస్తావా ఏంటమ్మా చిటికెనవేలు?”

చెల్లి అక్కడే భోరుమంది. నేను నవ్వాను. అంతటితో గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు చెల్లి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది కానీ ముద్ద ఎత్తలేదు.

“ఇవాళ తాతకి మళ్లీ రక్తం తియ్యాల్సొచ్చింది. ఎడం చెయ్యి చాపాడక్కా. కుడిచెయ్యి దుప్పటి కింద దాచుకున్నాడు.”



“మరేం చేశావే?”

“కట్టాను, తీశాను, విప్పాను. విప్పిన పట్టీ ఆయన ముందు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు చూశాడు. తర్వాత దుప్పటి కింద నుంచి కుడిచెయ్యి తీసి, ఆ పట్టీని పట్టుకున్నాడు.”