ఊఁ కొట్టని ముసలమ్మ

పందొమ్మిది వందల ఇరవై ఆరు వేసవి. అరకు సంతలో మా నాన్నకు ఉప్పు కొట్టు ఉండేది. చింతపండు తెచ్చే కొండ ముసలమ్మ, ఎండ తగ్గేదాకా నాన్న చెప్పే కథకు ఊఁ కొడుతూ కూర్చునేది.

ఆమె భర్తను పొరుగూరివాడు చంపాడు. వాణ్ణి నరుకుతానని కొడుకు, కొండవాలు చెట్లు కొట్టి చేసే పోడు సేద్యం వదిలేసి, గొడ్డలి పట్టుకుని తిరుగుతున్నాడు. ఒక సంత రోజు అతనూ పక్కనే కూర్చున్నాడు.

కథలో రాకుమారుడు, తన తండ్రిని చంపిన మాంత్రికుణ్ణి పన్నెండేళ్ళు వెతికి చంపాడు. ముసలమ్మ ఊఁ అనలేదు.

"ఏటమ్మా, పగ తీరింది కదా?" అన్నాడు నాన్న.

"పన్నెండేళ్ళు ఆడి పోడు ఎవులు కొట్టేరు, సావుకారు బాబూ? ఆడమ్మ ఏటి తింది?"



మరుసటి సంతకు ఆమె ఒక్కతే వచ్చింది.

"కొడుకేడీ?"

"గొడ్డలట్టుకుని ఎల్లేడు."

నాన్న చేతిలో తూకం ఆగిపోయింది.

"పోడుకి బాబూ. బేగి కత సెప్పు."